‘ఏమీ వేసుకోలేదమ్మా!’

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. మాదాపూర్‌లో ఏదో కంపెనీ. తొమ్మిదింటికి క్యాబ్ వస్తుంది. ఎనిమిదీ పదికి గదిలోకి వెళ్ళి తలుపు జేరవేసుకుంటే, ఎనిమిదీ ముప్ఫై అయిదుకి గాని బయటికి రాదు. వచ్చాక చూస్తే, వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కాకపోతే రాత్రి బాగా నిద్రపోయినట్టూ, జీవితంలో ఏ దిగులూ లేనట్టూ ఉంటుంది.

“ఇంతసేపూ ఏం వేసుకున్నావే?” అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“ఏమీ వేసుకోలేదమ్మా!” అంది.

ఆ సాయంత్రం దాని బల్ల సర్దుతూ లెక్కపెట్టాను. ఎండకి కమిలిపోకుండా ఒక క్రీము. రంగు నిలవడానికి దాని మీద రాసేది ఇంకొకటి. కళ్ళకింద నలుపు కప్పేది, ముఖమంతా ఒక్క రంగుకి తెచ్చేది, జిడ్డు కనపడనివ్వని కాంపాక్టు, కనుబొమల సందులు పూడ్చే పెన్సిలు, రెప్పలకి మస్కారా, పెదవులకేమో... పెదవుల రంగులోనే ఉన్న రంగు! వెరసి ఎనిమిది. ఈ ఎనిమిదింటినీ కలిపి ‘నో మేకప్ లుక్’ అంటారట. అంటే మేకప్ వేసుకోనట్టు కనపడే మేకప్.

చెప్పొద్దూ, నవ్వొచ్చింది. కాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇలాంటి ఆడపిల్లని కాగితం మీద తయారుచేసింది మేమే కదా అనిపించింది. మేమంటే నవలలు రాసేవాళ్ళం.

మన నవలల్లో కథానాయిక ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తలంటుకుని, వదులుగా జడ అల్లుకుని, లేతరంగు నేతచీర కట్టుకుని వస్తుంది. ముఖాన పౌడరు కూడా ఉండదు. “ఏ అలంకారమూ లేకపోయినా” అన్న మాట ఎక్కడో ఒకచోట పడి తీరాలి. అయినా కనుబొమలు దిద్దినట్టే ఉంటాయి, పెదవులు ఎర్రగానే ఉంటాయి. ఇంటర్వ్యూకని రెండు బస్సులు మారి, మే నెల ఎండలో నడిచొచ్చినా ఆమె ముక్కు మీద జిడ్డు పట్టదు! ఆమెకి ఎదురుగా ఇంకొకతె ఉంటుంది. చేతుల్లేని జాకెట్టు, కత్తిరించిన జుట్టు, లిప్‌స్టిక్. ఆవిడ కంటే ముందు ఆవిడ సెంటు గదిలోకి వస్తుంది. పేజీ తిప్పకముందే మీకు తెలిసిపోతుంది, ఈవిడ మంచిది కాదని. రచయిత్రికి ఎంత వెసులుబాటో చూడండి. ఒక మనిషి స్వభావం చెప్పడానికి నాలుగు ప్రకరణాలు పట్టేది, లిప్‌స్టిక్‌తో ఒక్క వాక్యంలో తేలిపోయింది.

నేనూ ఈ పనే చేశాను. 2009లో ఒక వారపత్రికలో నా సీరియల్ వచ్చింది. అందులో శారద ముఖం కడుక్కుని ఆఫీసుకి వెళ్ళిపోతుంది. రాగిణి ముదురు లిప్‌స్టిక్ వేసుకుని శారద సంసారంలో నిప్పులు పోస్తుంది. సీరియల్ సగంలో ఉండగా ఒక ఉత్తరం వచ్చింది. బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి. ఆవిడ రాసింది ఇదీ: వాళ్ళ అత్తగారు నా సీరియల్‌ని ప్రతివారం పైకి చదివి అందరికీ వినిపిస్తారు. ఈ అమ్మాయికి పెదవులు పగిలి నల్లబడ్డాయి. రోజంతా మనుషుల ఎదురుగా కూర్చోవాలి కనుక లేత రంగు లిప్‌స్టిక్ రాసుకుంటుంది. రాగిణి వచ్చిన వారం నుంచి అత్తగారు ఆమెని “రాగిణీ” అని పిలుస్తున్నారు. నవ్వుతూనే. “రాసేటప్పుడు మీరిది ఆలోచించారా?” అని ఉత్తరం ముగించింది.

ఆలోచించలేదు. జవాబూ రాయలేదు. ఏమని రాయను?

లిప్‌స్టిక్ అంటే ఏదో విదేశీ అప్రాచ్యం అన్నట్టు రాస్తాం గాని, దాని పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. లాక్మే అన్న పేరు వినని ఇల్లుండదు. అది 1883లో ప్యారిస్‌లో తొలిసారి ఆడిన ఒక సంగీత నాటకం పేరు. స్వరపరిచినవాడు లియో డెలిబ్. అందులో నాయిక మన దేశపు బ్రాహ్మణ పూజారి కూతురు. మన లక్ష్మి పేరే ఫ్రెంచివాళ్ళ నోట లాక్మే అయింది. 1952లో టాటాలు సౌందర్య సాధనాల కంపెనీ పెడుతూ ఆ పేరు తీసుకున్నారు. మన లక్ష్మమ్మే ప్యారిస్ వెళ్ళి వచ్చి డబ్బాలో కూర్చుందన్నమాట! పోనీ ఎరుపే తప్పా అంటే, తాంబూలంతో పండిన పెదవి ముత్తయిదువ లక్షణం అన్నది మనమే. పారాణి పాదాలకి మంగళం అన్నదీ మనమే.

ఆ ఉత్తరం వచ్చిన రెండేళ్ళకి కాబోలు, సత్యజిత్ రాయ్ ‘మహానగర్’ చూశాను. 1963 నాటి బెంగాలీ చిత్రం. నరేంద్రనాథ్ మిత్రా కథ ఆధారం. ఆరతి అనే మధ్యతరగతి ఇల్లాలు, భర్త జీతం చాలక ఉద్యోగంలో చేరుతుంది. ఇల్లిల్లూ తిరిగి అల్లిక యంత్రాలు అమ్మే పని. మామగారు రిటైరైన మేష్టారు, ఆయనకిది ససేమిరా ఇష్టం లేదు. ఆఫీసులో ఈడిత్ అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి స్నేహమవుతుంది. ఆరతికి ఒక లిప్‌స్టిక్ ఇస్తుంది, వేసుకోవడం నేర్పుతుంది.

ఇక్కడ నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. మా నవలల లెక్కప్రకారం ఆరతి ఇప్పుడు చెడిపోవాలి. ఈడిత్ ఆమెని చెడగొట్టాలి. అలా జరగదు. మాధవీ ముఖర్జీ ఆ ఘట్టాన్ని ఎంత తేలిగ్గా చేసిందో! ఆమె ముఖంలో పాపభీతి లేదు, విలాసమూ లేదు. మొదటిసారి సైకిలు మీద కాలు వేసిన పిల్లకుండే బెరుకు, సంబరం ఉన్నాయి. ఆ రంగు బయటి పనికే. ఇంటికి ఆ రంగుతో వెళ్ళదు. చిత్రం చివరికి వచ్చేసరికి, ఒంట్లో బాగులేక పనికి రాలేకపోయిన ఈడిత్ నడతని శంకించి యజమాని ఆమెని తీసేస్తాడు. అప్పటికి ఆరతి భర్త పనిచేసే బ్యాంకు మూతబడింది. ఇంట్లో జీతం ఆరతిది ఒక్కటే. అయినా, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పండి అని నిలదీసి, ఆయన చెప్పకపోతే రాజీనామా ఇచ్చి వచ్చేస్తుంది.

యజమాని ఈడిత్‌ని ఎలా చదివాడో చూడండి. ఆమె జాతి, గౌను, పెదవి రంగు చూసి ఆమె ఎలాంటిదో తేల్చేశాడు. నేను రాగిణిని రాసినట్టే! ఆరతి అలా చదవడానికి ఒప్పుకోదు. రాయ్ ఆ లిప్‌స్టిక్‌ని నీతికి కొలబద్దగా పెట్టలేదు. ఇద్దరు ఆడవాళ్ళ స్నేహానికి గుర్తుగా పెట్టాడు. నాకొక్క చిన్న పేచీ ఉంది. ఆరతి మారుతోందని మనకి చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన కూడా ఆ లిప్‌స్టిక్కునూ నల్లకళ్ళజోడునూ ఆశ్రయించాడు. భర్త మారుతున్నాడని చెప్పడానికి అలాంటివేమీ అక్కర్లేకపోయింది. మగవాడికి ముఖం ఉంటుంది. ఆడదానికి ముఖం మీద ఏముందో అది ఉంటుంది.

ఇంటికి రంగుతో వెళ్ళని ఆరతిని చూస్తుంటే మా అమ్మ హ్యాండ్‌బ్యాగు గుర్తొచ్చింది.

అమ్మ కాకినాడలో హైస్కూలు టీచరు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1976లో సినిమాగా వచ్చినప్పుడు అమ్మ కాలేజీలో ఉంది. వాణిశ్రీ ముడి చూసొచ్చి, అలాంటి ముడి వేసుకోబోయి వాళ్ళ నాన్నగారి చేత చీవాట్లు తిన్న తరం. ఉద్యోగంలో చేరాక ఆవిడ ముస్తాబంతా ఒక రేకుపెట్టెలో ఉండేది. పౌడరు డబ్బా, స్నో సీసా, తిలకం సీసా, ఇంట్లోనే ఆముదం దీపానికి పట్టిన కాటుక. పౌడరు అద్దుకున్నాక చేతిరుమాలుతో మళ్ళీ తుడిచేది. ఉన్నట్టు తెలియకూడదు! ఎనిమిది డబ్బాలు లేవు గాని, ఇదీ ‘నో మేకప్ లుక్’ కాక మరేమిటి?

1996లో నాన్న పోయారు. నెలరోజుల తర్వాత అమ్మ స్కూలుకి వెళ్ళింది. మొదటిరోజే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, “టీచర్, బొట్టు పెట్టుకోవడం మర్చిపోయారు” అందట. పిల్లకేం తెలుసు! మర్నాటి నుంచి అమ్మ చిన్న నల్ల స్టిక్కరు పెట్టుకుని పాఠం చెప్పింది. ఇంట్లో మా నానమ్మ ఉంది. అందుకని సందు మలుపు తిరిగేముందు స్టిక్కరు తీసి, బ్యాగులో ఉండే అరచేతి అద్దానికి అంటించుకునేది. ఆ అద్దం నిండా నల్లచుక్కలే. ముఖం చూసుకోవడానికి చోటుండేది కాదు.

ఏళ్ళ తరబడి అలా పెట్టి తీయగా నుదుట తెల్లమచ్చ పడింది. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం ఉంటుందనీ, అది కొందరికి చర్మంలో రంగు చచ్చిపోయేలా చేస్తుందనీ డాక్టరు చెప్పారు. స్టిక్కరు కింద దురద గాని, రంగు తేడా గాని కనిపిస్తే వెంటనే మానెయ్యాలట. మీరూ గమనించుకోండి. అమ్మ మానేసింది గాని అప్పటికే ఆలస్యమైంది. తీసేసినా కనపడే బొట్టు మిగిలింది. నానమ్మ అది చూసింది. ఏమీ అనలేదు.

ఇప్పుడు కాలం మారింది కదా అంటారు. మారింది, నిజమే. వద్దనడం పోయి, కావాలనడం వచ్చింది. 2022లో ఎయిరిండియా తన విమాన సిబ్బందికి పెట్టిన నియమాలు పత్రికల్లో వచ్చాయి. బొట్టు పెట్టుకుంటే అర సెంటీమీటరు దాటకూడదట. పెదవి రంగు సంస్థ చెప్పిన ఛాయల్లోనే ఉండాలట. నెరిసిన వెంట్రుక కనపడకూడదట. వర్జిన్ అట్లాంటిక్ అనే బ్రిటిష్ విమాన సంస్థ, ఆడవాళ్ళు మేకప్ వేసుకు తీరాలన్న నిబంధనని 2019లో ఎత్తేసింది. అంటే అంతవరకూ ఉన్నట్టేగా!

ఇంకో చిత్రం వినండి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా ముస్తాబైతే అది కళ. ఆ మాట నిజం కూడాను. అలాగే సినిమావాళ్ళ ముఖాలకి రంగు వెయ్యడం ఒక వృత్తి, విద్య. ఆ వృత్తి సంఘంలో మాత్రం ఆడవాళ్ళకి మేకప్ ఆర్టిస్టులుగా సభ్యత్వం ఉండేది కాదు. జడలు వేసే పని వరకే. చారు ఖురానా అనే ఆవిడ సుప్రీంకోర్టుకెక్కి, 2014లో ఆ నియమాన్ని కొట్టివేయించింది. మగవాడు వేస్తే విద్య, ఆడది తనకి తాను వేసుకుంటే షోకు!

పూర్తిగా మేకప్ పక్షాన వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. కాంపాక్టు కొనేటప్పుడు మన రంగుకంటే రెండు ఛాయలు తెల్లటిది కొని, మెడ ఒక రంగు, ముఖం బూడిదగుమ్మడికాయ రంగుగా పెళ్ళిళ్ళలో తిరిగేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వెలుతురులో దవడ దగ్గర రాసి చూసుకుంటే తెలిసిపోయేదానికి ఇంత అవస్థ దేనికి? నలుపు తప్పు అని మనకి నూరిపోశారు. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరు 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పెట్టె మీద మాట మారింది. పెళ్ళిచూపుల్లో మాట మారిందా?

మా అమ్మాయి శనివారం స్నేహితులతో బయటికి వెళ్ళేటప్పుడు ఆ ఎనిమిదీ పక్కన పెడుతుంది. కళ్ళకి కాటుక, పెదవులకి దానిమ్మగింజ ఎరుపు. అంతే. అయిదు నిమిషాల్లో తయారు. “ఇది ఆఫీసుకి వేసుకెళ్ళవేం?” అన్నాను.

“వేసుకెళ్తే మీటింగులో నేను చెప్పేది వినరమ్మా, పెదాలు చూస్తారు. ఏమీ వేసుకోకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. రెండిటికీ మధ్యన ఉండాలంటే ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది.”

నాలుగు వందల పేజీల నవలలో నేను చెప్పలేని మాట.

ఆ నవల ఇప్పుడు మళ్ళీ అచ్చవుతోంది. ప్రూఫులు వచ్చాయి. మొదట రాగిణి లిప్‌స్టిక్ తుడిచేద్దామనుకున్నాను. కాని తుడిస్తే అదీ ‘నో మేకప్’ అయిపోతుందిగా! అందుకని దాని జోలికి పోలేదు. శారద ముఖం కడుక్కుని ఆఫీసుకి వెళ్ళిపోయే వాక్యం కొట్టేసి, అక్కడ పౌడరు డబ్బా, చేతిరుమాలు పెట్టాను. రాగిణికి ఇంకో నాలుగు ప్రకరణాలు కావాలి. ఇరవై రోజులు గడువడిగాను.

మొన్న అమ్మ లైఫ్ సర్టిఫికెట్టుకి వెళ్ళవలసి వచ్చింది. మనవరాలు తోడు బయల్దేరింది. వెళ్ళేముందు తన కన్సీలరు తెచ్చి, అమ్మమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నుదుటి మచ్చ మీద వేలితో అద్దింది. మచ్చ మాయమైంది. అమ్మ అద్దంలో చాలాసేపు చూసుకుంది.

“బొట్టు పెట్టనా అమ్మమ్మా? స్టిక్కరు కాదులే, కుంకుమే” అంది ఇది.

“పెట్టవే. మరీ చిన్నది పెట్టకు, ఫొటో తీస్తారట” అంది అమ్మ.

ఇద్దరూ ఆటో ఎక్కారు. నేను ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను.