మలి ఆల్బమ్‌కు ఎదురైన పరీక్ష: ‘శ్రీరామదాసు’ పాటలు, వాటి ఆదరణ

0. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఒక బృందం చేసిన రెండో ఆల్బమ్‌ను మొదటిదానితో పోల్చేటప్పుడు ఏ ప్రమాణాలు వాడాలో చెప్పగలుగుతారు.
• అన్నమయ్య, రామదాసు కీర్తనలు మనకు అందిన దారుల్లోని తేడాను వివరించగలుగుతారు.
• ఒక పాటల సంపుటి ఆదరణను మీ ప్రాంతం వైపు నుంచి అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

స్టూడియోలో రికార్డు చేసి, ఒకే సంపుటిగా విడుదల చేసిన పాటలను ఆల్బమ్ అంటాం. ఒక బృందం తొలి ఆల్బమ్‌ను శ్రోతలు ఏ అంచనాలూ లేకుండా వింటారు. రెండోదాన్ని మాత్రం మొదటిదాన్ని చెవిలో ఉంచుకొని వింటారు. అమెరికా రాక్ బృందం నిర్వాణ 1989లో ‘బ్లీచ్’ విడుదల చేసినప్పుడు దాన్ని విన్నవారు తక్కువ. 1991లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ ప్రపంచమంతా మారుమోగింది. మొదటిది పెద్దగా తెలియకపోవడం వల్ల రెండోదానికి పోలిక బరువు కాలేదు. మొదటిదే ఘనవిజయం సాధించినప్పుడు పరిస్థితి వేరు. ఆ స్థితి తెలుగులో ఎలా ఉంటుందో చూడటానికి మన ప్రాంతపు కథతోనే వచ్చిన ఒక ఆల్బమ్‌ను ఈ పాఠంలో పరిశీలిద్దాం. అది 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ చిత్రం పాటల సంపుటి.

దర్శకుడు కె. రాఘవేంద్రరావు, రచయిత జె.కె. భారవి, సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి, నటుడు నాగార్జున. ఈ నలుగురూ 1997లో ‘అన్నమయ్య’ చేశారు. ఆ చిత్ర సంగీతానికి కీరవాణికి జాతీయ పురస్కారం వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత అదే నలుగురూ కలిసి, మరో వాగ్గేయకారుడి జీవితంతో ‘శ్రీరామదాసు’ చేశారు. రెండింటిలోనూ కథానాయకుడికి ప్రధాన గాత్రం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిదే. అందువల్ల దీన్ని ఒక బృందం చేసిన మలి ఆల్బమ్‌గా చూడవచ్చు.

2. పోలికలో జరిగే పొరపాటు

‘శ్రీరామదాసు’ పాటలు జనాదరణ పొందాయి. అయినా వాటి గురించి మాట్లాడేవారి నోట తరచుగా వచ్చే మాట, “‘అన్నమయ్య’ అంత లేదు” అన్నది. మీరూ ఈ మాట విని ఉంటారు, బహుశా అని కూడా ఉంటారు. విమర్శ చేసేటప్పుడు ఇలాంటి తీర్పును వెంటనే అంగీకరించకూడదు, వెంటనే తోసిపుచ్చకూడదు. ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ రెండు ఆల్బమ్‌లు చేయవలసిన పని ఒకటేనా?

అన్నమాచార్యులు 15వ శతాబ్దపు కవి. ఆయన సంకీర్తనలు రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. అవి శతాబ్దాలపాటు జనానికి దూరంగా ఉన్నాయి. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషితో వెలుగు చూశాయి. చాలా కీర్తనలకు పాత వరుసలు నిలవలేదు. బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్తగా స్వరపరిచారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించింది. అంటే 1997 నాటికి చాలామంది శ్రోతలకు అన్నమయ్య పాట కొంతవరకు కొత్తదే. సినిమా దాన్ని ఊరూరికీ చేర్చింది.

రామదాసు సంగతి ఇందుకు భిన్నం. ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో, గోల్కొండ తానీషా పాలనలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేశాడు. వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలంలో ఆలయం కట్టించి, గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరసాల అనుభవించాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన కీర్తనలు నూరు పైచిలుకు మాత్రమే దొరుకుతున్నాయి. అయితే అవి భాండారంలో కాదు, భజనమండళ్లలో బతికాయి. చిడతలు, తాళాలు, హార్మోనియంతో ఒకరు అందుకుంటే పదిమంది తిరిగి పాడే పాటలుగా బతికాయి. తర్వాత ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని కార్యక్రమంలో బాలమురళీకృష్ణ గళం వాటిని ఇంటింటికీ వినిపించింది. 1964లో చిత్తూరు వి. నాగయ్య ‘రామదాసు’, 1980లో కె.వి. మహదేవన్ సంగీతంతో ‘శంకరాభరణం’ ఈ కీర్తనలను తెరకెక్కించాయి.

కాబట్టి తొలి ఆల్బమ్ రేకుల మీది పాటను నోటికి తెచ్చింది. మలి ఆల్బమ్ నోట్లో ఉన్న పాటను స్టూడియోకు తీసుకువెళ్లింది. మొదటి పనికి శ్రోత కృతజ్ఞుడవుతాడు. రెండో పనిని మాత్రం శ్రోత పరీక్షిస్తాడు, ఎందుకంటే ఆ పాట తనకు ముందే ఒక వరుసలో వచ్చు. “అంత లేదు” అన్న మాటలో సంగీతంపై తీర్పు కొంతే ఉంది. మిగిలినది ఈ తేడా.

3. ఆల్బమ్ నెగ్గిన చోటు

“ఇక్ష్వాకు కుల తిలక” కీర్తనను ఉదాహరణగా తీసుకోండి. ఇది స్తోత్రంలా మొదలైనా నిజానికి ఒక జమాఖర్చు. తహసీల్దారు రాసిన పాట అని మరిచిపోకండి. ప్రాకారాలకు ఎంత అయింది, సీతమ్మ పతకానికి ఎంత, భరత లక్ష్మణుల నగలకు ఎంత అని గోపన్న వరహాల లెక్క చెబుతాడు. ఆ సొమ్ము ఎవరిదని నీవు ఇలా కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికి, దెబ్బలకు తాళలేక తిట్టానని క్షమాపణ కోరతాడు. లెక్క, కోపం, పశ్చాత్తాపం అన్నీ ఒకే పాటలో ఉన్నాయి.

భజనలో ఈ పాట పాడితే కోపం కొంత కరిగిపోతుంది. పదిమంది కలిసి పాడేటప్పుడు అది ఒక మనిషి గోడు కాదు, అందరి మొక్కు. సినిమాలో మాత్రం ఖైదులో ఒంటరిగా ఉన్న మనిషి మన కళ్లముందు ఉంటాడు. బాలసుబ్రహ్మణ్యం గాత్రానికి ఉన్న ప్రత్యేకత పాత్ర స్థితిని మాటలోకి తేవడం. అంకెలు చెప్పేటప్పుడు ఉద్యోగి, నిలదీసేటప్పుడు అలిగిన బంధువు, చివర బిడ్డ వినిపిస్తారు. ఇక్కడ ఆల్బమ్ పాత పాటకు అలంకారం చేర్చలేదు, దానిలో ఉన్న నాటకాన్ని బయటికి తీసింది. మలి ఆల్బమ్‌కు స్వతంత్రమైన విలువ ఉందని చెప్పడానికి ఈ ఒక్క పాట చాలు.

రెండో విజయం “అదిగో అదిగో భద్రగిరి”. ఇది రామదాసు కీర్తన కాదు, చిత్రం కోసం రాసిన పాట. భద్రుడి తపస్సు, రాముడు చతుర్భుజుడై వెలవడం అనే స్థలపురాణాన్ని కథలా చెబుతుంది. సినిమా కోసం పుట్టి, గుడి పాటగా స్థిరపడటం తేలిక కాదు. శ్రీరామనవమికి తలంబ్రాలు చూడటానికి వెళ్లినవారికి ఈ పాట పరిచయం చేయనవసరం లేదు.

4. ఆల్బమ్ తడబడిన చోటు

“చాలు చాలు” వంటి యుగళగీతాలు కథానాయకుడి స్థాయికోసం చేర్చినవి. ‘అన్నమయ్య’లోనూ ఇలాంటివి ఉన్నాయి. అయితే అన్నమయ్య స్వయంగా శృంగార సంకీర్తనలు రాసిన కవి కనుక అవి అక్కడ కొంత ఇమిడాయి. రామదాసు గొంతు వేరు, అది ఆర్తి, అలక, దెప్పిపొడుపు కలిసిన గొంతు. ఆ గొంతు పక్కన ఇవి అతుకులుగా వినిపిస్తాయి.

“అల్లా శ్రీరామా” పాట విషయంలో మరో జాగ్రత్త అవసరం. కబీరు రామదాసుకు ఉపదేశం చేశాడనేది ప్రచారంలో ఉన్న కథ. కబీరు 15వ శతాబ్దపువాడు, రామదాసు 17వ శతాబ్దపువాడు కనుక చరిత్రలో ఇది పొసగదు. అయినా దీన్ని తప్పుగా కొట్టివేయకండి. తానీషా రాజ్యంలో మతాల మధ్య ఉన్న రాకపోకలను జనం ఆ కథగా చెప్పుకున్నారు. చరిత్ర తప్పింది అనడం ఒక పరిశీలన, పాట విఫలమైంది అనడం వేరొక తీర్పు. రెండింటినీ కలపకూడదు.

అసలు లోటు వేరే ఉంది. “అంతా రామమయం” కీర్తనలో రామదాసు సూర్యచంద్రుల నుంచి నదులు, వనాలు, మృగాల వరకు అన్నిటినీ పేర్కొంటాడు. గోదావరి ఒడ్డున, అడవి అంచున నిలబడి చూసిన మనిషి జాబితా అది. స్థలపురాణం ప్రకారం భద్రగిరిపై విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క. ఆమెను కోయ స్త్రీగా ఈ ప్రాంతం గుర్తుంచుకుంది. చిత్రంలో ఆమె పాత్ర ఉంది. కానీ ఆమె ప్రజల వాద్యం ఆల్బమ్‌లో మీకు వినిపించిందా? ఇదే అడవిలో, మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ సమ్మక్క–సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. భద్రాచలం కథ చెప్పే ఆల్బమ్‌కు అలాంటి డోలు అందుబాటులోనే ఉంది. కథలో చోటిచ్చి, ధ్వనిలో చోటివ్వకపోవడం చిన్న లోటు కాదు.

5. మనకు దీనితో పనేమిటి?

భద్రాచలంలో వాగ్గేయకార ఉత్సవాలప్పుడు రామదాసు నవరత్న కీర్తనలను విద్వాంసులు గోష్ఠిగా పాడతారు. ఊళ్లలో భజనమండళ్లు తమ వరుసల్లో పాడుకుంటాయి. ఆల్బమ్ వచ్చాక మూడో వరుస వచ్చింది, అది ఫోనులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పండుగనాడు మైకులో ఆల్బమ్ పెడితే పని తేలిక. కానీ ఆ పూట భజన బృందం నోరు మూతపడుతుంది. ఇలా కొన్నేళ్లు గడిస్తే పాట మిగులుతుంది, పాడేవారు మిగలరు. ఇది ఆల్బమ్ చేసినవారి నేరం కాదు, దాన్ని వాడే మన అలవాటు. ఆదరణను అంచనా వేసేటప్పుడు ఎందరు విన్నారని మాత్రమే కాదు, విన్న తర్వాత ఎందరు పాడారని కూడా అడగాలి.

6. సారాంశం

‘శ్రీరామదాసు’ను ‘అన్నమయ్య’ నీడలోనే చూడటం సరికాదు. తొలి ఆల్బమ్ తెలియని పాటను తెలిపింది, మలి ఆల్బమ్ తెలిసిన పాటను తిరిగి వినిపించింది. రామదాసు అలకను, లెక్కను ఒక మనిషి గొంతుగా నిలిపిన చోట అది గెలిచింది. యుగళగీతాల దగ్గర తడబడింది, అడవి వాద్యాన్ని బయటే ఉంచింది. దాని ఆదరణకు చివరి గీటురాయి మన ఊరి భజనే.

7. అభ్యాసం

అ) ‘అన్నమయ్య’, ‘శ్రీరామదాసు’ ఆల్బమ్‌లు చేయవలసిన పనుల్లోని తేడాను పది వాక్యాల్లో రాయండి.
ఆ) చరిత్రతో పొసగని కథ ఆధారంగా వచ్చిన పాటను విమర్శకులు ఎలా పరిశీలించాలి?
ఇ) కృత్యం: మీ ఊరి భజనమండలిలో పెద్దవారి చేత ఒక రామదాసు కీర్తన పాడించుకొని వినండి. అదే కీర్తన ఆల్బమ్‌లో ఉంటే దానితో పోల్చండి. వరుస, వేగం, తిరిగి పాడే చోట్లు ఎక్కడ మారాయో గుర్తించండి. ఏది మెరుగైనదో తేల్చే ముందు, రెండోసారి మీరు కూడా వారితో గొంతు కలపండి.