ఏ తేదీకి ఎంత బాకీ?

అమెరికాలో ఇల్లు అమ్మేవాళ్లు, తక్కువ వడ్డీకి లోన్ మార్చుకునేవాళ్లు చాలామంది నెలవారీ స్టేట్‌మెంట్‌లో కనిపించే ప్రిన్సిపల్‌నే మొత్తం బాకీ అనుకుంటారు. అంతే పంపితే లోన్ క్లోజ్ కాదు. అక్కడ గడిచిన నెలకు వడ్డీ కడతారు. జూన్ 1న కట్టిన వాయిదాలో ఉండేది మే నెల వడ్డీ. 2,40,000 డాలర్ల బాకీ మీద 6.5 శాతం వడ్డీ అంటే రోజుకు 42.74 డాలర్లు. జూన్‌లో 18 రోజులు గడిచాక తీర్చేవాళ్లు ఇంకో 769 డాలర్లు కలపాలి. తాకట్టు విడుదల పత్రం కౌంటీలో రికార్డు చేయించే ఫీజు, పాత లేట్ ఫీజు ఏదైనా ఉంటే అదీ అదనం. కొంచెం తగ్గినా మొత్తం సొమ్ము తిప్పి పంపే సర్వీసర్లు, అంటే వాయిదాలు వసూలు చేసే సంస్థలు, ఉన్నాయి. ఈలోగా వడ్డీ ఆగదు.

ఈ లెక్క ఇంటివాళ్లు ఊహించి వేసుకోవాల్సింది కాదు, సర్వీసర్ కట్టి ఇవ్వాల్సింది. 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టానికి 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం ఈ బాధ్యతను జోడించింది. రాతపూర్వకంగా అడిగిన 7 పనిదినాల్లోగా, ఫలానా తేదీకి ఇంత కడితే బాకీ పూర్తిగా తీరుతుందని కచ్చితమైన పేఆఫ్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇంటివాళ్ల తరఫున, అమ్మకం లావాదేవీ పూర్తిచేసే టైటిల్ కంపెనీ అడిగినా ఇవ్వాల్సిందే. దివాలా, జప్తు, ప్రకృతి విపత్తు లాంటి సందర్భాల్లో మాత్రం సమంజసమైన గడువు చాలు. ఫోన్‌లో అడిగితే ఈ 7 రోజుల లెక్క మొదలవదు. అందుకే నాలుగు ముక్కలైనా రాసి పంపడం ఎంతో అవసరం.

అంకె తప్పుగా వస్తే? అదీ చట్టం దృష్టిలో సర్వీసర్ పొరపాటే. రాతపూర్వకంగా ఎత్తిచూపితే 7 పనిదినాల్లో సరిదిద్దాలి, లేదా విచారించి ఎందుకు తప్పు కాదో రాసి చెప్పాలి. ఈ హక్కు సంగతి చాలా ఇళ్లలో తెలియకపోవడం బాధాకరం.

తేదీ విలువ ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వ బీమా ఉన్న) లోన్లు తీర్చినవాళ్లకు బాగా తెలుసు. 2015 జనవరి 21కి ముందు తీసుకున్న లోన్లలో, నెల మొదట్లో బాకీ తీర్చినా నెలాఖరు దాకా వడ్డీ పట్టే వీలుండేది. ఆ తేదీ నుంచి ఇచ్చిన లోన్లకు తీర్చిన రోజు వరకే. న్యాయం అదే.

ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం సర్వీసర్ దగ్గర ఎస్క్రో ఖాతాలో మిగిలిన సొమ్మును కూడా లోన్ తీరాక 20 పనిదినాల్లో వెనక్కివ్వాలి.

టెక్సస్‌లో ఉంటూ హైదరాబాద్ ఫ్లాట్‌కీ వాయిదాలు కట్టే తెలుగువాళ్లకు భారత్‌లోని నిబంధనా అక్కరకొస్తుంది. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, బాకీ తీరిన 30 రోజుల్లో ఇంటి పత్రాలు చేతికివ్వాలి. తమవల్ల ఆలస్యమైతే రుణదాత రోజుకు 5,000 రూపాయల పరిహారం కట్టాలి. పరిహారాన్ని రోజుల లెక్కన ముందే తేల్చి చెప్పడం మంచి ఏర్పాటు.

డబ్బు పంపేముందు పేఆఫ్ స్టేట్‌మెంట్‌లో మూడు చూసుకోవాలి: ఏ తేదీ వరకు చెల్లుతుంది, దాటితే రోజుకెంత, ఏ ఖాతాకు పంపాలి. ఖాతా నంబరు మార్చి పంపే మోసగాళ్ల ఈమెయిళ్లు ఎక్కువయ్యాయి కాబట్టి, ఈమెయిల్‌లోని నంబరుకు కాక, పాత నెలవారీ స్టేట్‌మెంట్ మీదున్న నంబరుకు ఫోన్ చేసి ఖాతా వివరాలు సరిచూసుకోవాలి.