కోసే చేతిలో ఉన్న చూపు

సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో చాలామంది ఒక్క వారాంతమైనా యాపిల్ తోటకు వెళ్తారు. టికెట్టు కొని, సంచి పట్టుకుని, చెట్ల మధ్య తీరిగ్గా తిరుగుతూ తమ చేత్తోనే కాయలు కోసుకుంటారు. కాయను లాగొద్దని, అరచేత్తో పట్టి పైకెత్తి కాస్త తిప్పితే అదే వస్తుందని, తొడిమ ఊడనివ్వొద్దని తోటవాళ్లు ముందే చెబుతారు. తొందర లేకుండా, మనసు పనిమీదే నిలిపి గడిపే ఆ పూటను ఋతువు ఇచ్చిన వరంగా భావించేవాళ్లు ఉన్నారు. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. అదే శరత్తులో గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తికాయ పగలడం మొదలవుతుంది. సంక్రాంతి దగ్గరపడేసరికి మిరప ఎర్రబడుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఈ నేలలో కొంత పల్నాడుకు, కొంత బాపట్లకు పోయినా క్రోసూరు, మాచర్ల నుంచి పర్చూరు, త్రిపురాంతకం దాకా పని మాత్రం అదే. యాపిల్ తోటలో ఒక పూట పాటించే జాగ్రత్తను ఇక్కడ వేలమంది ఆడవాళ్లు నెలల తరబడి పాటిస్తారు. దాన్ని మనం ఎవరైనా చేయగల కూలిపని అంటున్నాం. ఆ మాట తప్పు. పంటకు వచ్చే ధరలో కొంత భాగం ఈ చేతుల్లోనే తయారవుతుంది. కాబట్టి కోతను విద్యగా లెక్కగట్టి, ఆ విద్యకు తగిన కూలి ఇవ్వాలి.

పత్తి తీతనే చూడండి. చేనంతా ఒక్కసారి విచ్చుకోదు. అడుగు కొమ్మల కాయలు ముందు పగులుతాయి, పైవి ఆ తర్వాత వారాల తరబడి పగులుతూనే ఉంటాయి. అందుకే మూడు నాలుగు విడతలు తీయాలి. మంచు ఆరకముందే చేలో దిగితే పత్తి చెమ్మతో వస్తుంది, కుప్పలో వేడెక్కి రంగు చెడుతుంది. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రాల్లో 12 శాతం తేమ దాటిన పత్తిని తీసుకోరు. 8 శాతం దాటినప్పటి నుంచే ధర తగ్గుతుంది. ఎండ ముదిరాక తీస్తే కాయను అంటిపెట్టుకున్న ఎండు రేకులు నలిగి దూదిలో కలుస్తాయి. ఈ రెంటికీ నడుమ ఉన్న వేళే మంచి వేళ. కింది కాయలతో మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి వస్తే రాలిన ఎండాకు కింద విచ్చిన పత్తిలో పడుతుంది. వేళ్లు లోపలికి పోయి అరలన్నిటి పత్తినీ ఒక్క పట్టున తీసుకురావాలి, డిప్ప మొక్కకే ఉండిపోవాలి. ఆ డిప్ప మొనలు గోళ్ల చుట్టూ గీరుకుపోతాయి. పురుగు తిన్నదీ, మరక పడ్డదీ, సగమే విచ్చిన గుడ్డిపత్తీ చేతికి తగిలినప్పుడే వేరుపడాలి. తలకు గుడ్డ కట్టుకోవడం ఎండ కోసం మాత్రమే అనుకుంటాం గానీ, దూదిలో పడిన వెంట్రుక మిల్లుదాకా పోయి నూలులో బయటపడుతుంది. గోనెపీచు, ప్లాస్టిక్ సంచుల పోగులు, వెంట్రుకలు కలిసి వస్తున్నాయని మన పత్తిమీద నూలుమిల్లులది పాత ఫిర్యాదు. 2000లో కేంద్రం మొదలుపెట్టిన పత్తి సాంకేతిక మిషన్ మార్కెట్ యార్డులనూ జిన్నింగ్ మిల్లులనూ బాగుచేయడానికి డబ్బు పెట్టింది కూడా ఇందుకే. చేలోనే ఏరి వేరుచేస్తే ఆ చెత్తలో చాలా భాగం యార్డుదాకా రాదు.

మిరపలో ఈ చూపు ఇంకా పదునుగా ఉండాలి. ఒకే మొక్కమీద పువ్వు, పిందె, పచ్చికాయ, రంగు తిరుగుతున్న కాయ, పండుకాయ అన్నీ ఉంటాయి. వాటిలో నిండుగా ఎర్రబడినదాన్నే, పువ్వు రాలకుండా, పిందె తెగకుండా తీయాలి. కొమ్మ పెళుసు. అది విరిగితే తర్వాతి కోతల్లో దానిమీద రావాల్సిన కాయలన్నీ పోయినట్టే. సగం పండిన కాయ తొందరపాటులో సంచిలో పడితే కల్లంలో ఎండేసరికి తెల్లబడి తాలుకాయ అవుతుంది. తాలుకు గుంటూరు యార్డులో పలికే ధర మేలుకాయ ధరలో సగానికి పడిపోవడం మామూలే. తొడిమతోపాటు కోయాలనడానికీ గట్టి కారణం ఉంది. తొడిమ ఊడినచోట కాయ తెరుచుకుంటుంది, గింజ రాలుతుంది, చెమ్మా బూజూ లోపలికి దిగుతాయి. ఆ బూజుల్లో యాస్పర్‌జిల్లస్ రకాలు కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఐరోపా సమాఖ్య ఎండుమిరపలో ఈ విషాలన్నీ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదంటుంది. అందుకే కోసిన కాయను శుభ్రమైన గచ్చుమీదో పట్టమీదో పలచగా పోసి, రోజూ తిరగేసి, రాత్రి మంచు పడకుండా కుప్పచేసి కప్పి, తేమ పది శాతం దగ్గరికి దిగేదాకా ఆరబెడతారు. ఎగుమతి సరుకు మంచిచెడ్డలు చాలావరకు ఓడరేవుకు చేరకముందే, చేలోనూ కల్లంలోనూ తేలిపోతాయి. గుంటూరు పక్కనున్న లాం పరిశోధన స్థానం ఎల్‌సీఏ 334 వంటి రకాలను ఇచ్చింది. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. విత్తనం పేరూ ఊరి పేరూ కాగితం మీదికి ఎక్కాయి గానీ, కోసిన చేతి ప్రస్తావన ఎక్కడా లేదు.

నడుము వంచి చేసే కష్టానికి అందం పూస్తున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు ఏటా ఈ కోతలకు వలస వస్తాయి. పిల్లల బడి ఆగిపోతుంది. పొలాల పక్కన గుడారాల్లో చలికాలం గడుస్తుంది. మిరప ఘాటుకు చేతులు రాత్రంతా మండుతాయి. చేనుమీద కొట్టిన మందులు ఒంటికి తగులుతాయి. టికెట్టు కొన్నవాళ్లు అలిసిపోతే కారెక్కుతారు, వీళ్లకు ఆ వీలు లేదు. అందుకే ఈ పనిని ధ్యానమని పిలవడానికి నాకు మనసొప్పదు. అలాగని కష్టమైన పని కనుక అందులో విద్య లేదనడం రెండో అన్యాయం. చేనేతా నడుము పడిపోయే పనే. అయినా మంగళగిరి చీరను చూసి దాన్ని కళ అనడానికి మనం వెనకాడం. మగ్గానికి ఇచ్చిన గౌరవం కోతకు ఇవ్వకపోవడం వల్లే కోత కష్టం ఇంత చవకైపోయింది.

యంత్రాలు వస్తే ఈ చర్చే ఉండదనేవాళ్లకు జవాబు చిన్నది. అమెరికాలో పత్తియంత్రం నడవాలంటే కాయలు దాదాపు ఒకేసారి పగలాలి, ముందే మందు కొట్టి ఆకు రాల్చాలి. వారాల తరబడి పగిలే మన చిన్న కమతాల చేలకు అది ఇంకా అమరలేదు. న్యూమెక్సికోలో ఎర్రమిరప కోతకు యంత్రాలు వచ్చినా పచ్చి పొడుగుకాయను ఎక్కువగా చేతితోనే కోస్తున్నారు. తొడిమ తీయడం అక్కడ యంత్రానికి పెద్ద చిక్కు. ఈజిప్టు తన పొడుగుపింజ పత్తిని చేతితో తీసినదని గొప్పగా చెప్పి అమ్ముకుంటోంది. మన పత్తీ చేతితో తీసినదే, ఆ సంగతి చెప్పుకోవడమే మనకు చేతకాలేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం రైతుది. మిరప ఖర్చుల్లో కోతకూలి పెద్ద పద్దు. 2021-22లో కొత్తరకం తామరపురుగు మిరపతోటలను తుడిచిపెట్టింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యపు ధరను క్వింటాలుకు ₹11,781గా ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి రైతును ఇంకా ఎక్కువ కూలి ఇమ్మంటే ఎక్కడినుంచి తెస్తాడు? కూలి లెక్కగట్టే పద్ధతిని ఒకసారి చూస్తే దారి కనిపిస్తుంది. పత్తికి కిలోల లెక్కన కూలి ఇస్తాం, మిరపకూ చాలాచోట్ల అంతే. తూకానికే డబ్బు వస్తున్నప్పుడు చెమ్మపత్తి, సగంపండు కాయ, ఎండాకు అన్నీ తూకంలోకే వస్తాయి. ఆగి చూసి వేరుచేసిన మనిషికి సాయంత్రానికి కూలి తగ్గుతుంది. అంటే శ్రద్ధ పెట్టినందుకు మనమే జరిమానా వేస్తున్నాం. మేలుకాయకూ తాలుకూ మధ్య క్వింటాలుకు వేల రూపాయల తేడా ఉన్నప్పుడు, అందులో చిన్న వాటా కోసినవాళ్లకు పోయినా రైతుకు మిగులే ఉంటుంది.

రైతులకు, ముఠా మేస్త్రీలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఒక విన్నపం. మొదటి కోతకు ముందే యార్డులో మేలుకాయ, తాలు ధరలు ఎంతున్నాయో కూలీలకు చెప్పండి. ఏరి తెచ్చిన ప్రతి కిలోకు అదనంగా ఎంత ఇస్తారో ముందే ఒప్పుకోండి. ఎండ ముదిరాక పత్తి తీత ఆపించి, కూలి తగ్గించకుండా నీడన ఏరుడు పనికి పెట్టండి. చేతి తొడుగులూ తాగునీరూ ఖర్చులో రాయండి. ఈ సంక్రాంతి కోతకే ఒక ఎకరంలో ఇలా చేసి, పక్క ఎకరం అమ్మకపు చీటీతో పోల్చి చూసుకోండి.