అవతలి చెవి

హెడ్‌సెట్ కొనడానికి వెళ్లినవాళ్లు దుకాణంలో దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. తలకు తగిలించుకుని ఓ పాట వింటారు. బేస్ బాగుందా, బయటి చప్పుడు తగ్గిందా అని చూసుకుని డబ్బు కట్టేస్తారు. పాటల కోసమే అయితే ఆ పరీక్ష చాలు. ఫోన్ మాట్లాడటానికి కొనేవాళ్లకు మాత్రం అది సగం పరీక్ష కూడా కాదు. మన గొంతు ఎలా వెళ్తోందో ఆ పాట చెప్పదు. అది చెప్పగలిగేది అవతల ఉన్న మనిషి చెవి ఒక్కటే.

నా పనిలో సగం ఫోన్ మీదే నడుస్తుంది. ఈ కాలమ్ కోసం నేను మాట్లాడేవాళ్లలో చాలామంది పెద్దవాళ్లు, ఊళ్లలో ఉండేవాళ్లు. వాళ్లు చెబుతుంటే రాసుకోవాలి. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి రాస్తే మెడ పట్టేస్తుంది. ఇక ఇంటివాళ్లతో మాటలన్నీ పొయ్యి దగ్గరే. ఒక చేత గరిటె, ఒక చేత మూత. అందుకే వైరు లేని హెడ్‌సెట్ నాకు కత్తిపీట లాగే రోజూ చేతికి కావలసిన పనిముట్టు. రోజూ వాడే పనిముట్టు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్నది నా పట్టుదల.

డబ్బా మీద ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని ఒక్క మాటే ఉంటుంది. దాని కింద రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది బయటి రొద మన చెవిలోకి రాకుండా చూడటం. హెడ్‌సెట్ బయటి చప్పుడును పట్టి, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని చెవిలోకి వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈ ఊహకు జర్మనీకి చెందిన పాల్ లూయెగ్ 1936లోనే అమెరికా పేటెంటు పొందాడు. దాన్ని తలకు పెట్టుకునే వస్తువుగా మార్చే ఆలోచన అమర్ బోస్‌కు 1978లో జ్యూరిచ్ నుంచి బోస్టన్ వెళ్లే విమానంలో వచ్చింది. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు ఆయన. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లో ఇంజను హోరు తప్ప పాట సరిగ్గా వినపడలేదట. అక్కడే కాగితం తీసి లెక్కలు మొదలుపెట్టాడు. పైలట్ల కోసం ఆయన కంపెనీ తొలి హెడ్‌సెట్ అమ్మకానికి తెచ్చింది 1989లో. ఇంజను, ఏసీ, బస్సు లాంటి ఒకే తీరు హోరును ఈ పద్ధతి బాగా అణుస్తుంది. మనుషుల మాటల మీద, కుక్కర్ కూత మీద దాని బలం అంతగా పారదు.

రెండో పని మైకుది. మన చుట్టూ ఉన్న రొదలోంచి మన గొంతును మాత్రం ఏరి పంపడం. ఫోన్‌కు అసలు కావలసింది ఇది. మొదటి పని బ్రహ్మాండంగా చేసి, రెండోది నాసిగా చేసే హెడ్‌సెట్లు చాలా ఉన్నాయి. వాటితో మాట్లాడేవాళ్లు హాయిగా ఉంటారు, వినేవాళ్లు నలిగిపోతారు.

మైకు విషయంలో అన్నిటికన్నా పెద్ద సంగతి దూరం. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే మైకును చేరే గొంతు సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. చుట్టుపక్కల రొద మాత్రం ఎక్కడికీ పోదు. నోటికి 3 సెంటీమీటర్ల దూరంలో కాడ చివర ఉండే మైకుతో పోలిస్తే, 12 సెంటీమీటర్ల దూరాన చెవిలో కూర్చున్న బొత్తాం లాంటి ఇయర్‌బడ్‌కు మన గొంతు 12 డెసిబెల్‌లు తక్కువగా అందుతుంది. శక్తిలో అది దాదాపు 16వ వంతు. పాతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఫొటోలు చూడండి. ఆపరేటర్ల ఛాతీ మీద ఓ పలక, దాన్నుంచి కొమ్ములా వంగి సరిగ్గా నోటి ముందుకొచ్చే గొట్టం కనిపిస్తాయి. స్టేడియం హోరులో కూర్చున్న రేడియో వ్యాఖ్యాతలు పైపెదవికి ఆనించి పట్టుకునే మైకు కూడా ఈ సూత్రం మీదే తయారైంది. 1969లో చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాట భూమికి చేరింది ప్లాంట్రానిక్స్ అనే కంపెనీ హెడ్‌సెట్ ద్వారా. మన హైదరాబాద్ కాల్‌సెంటర్లలో రాత్రి షిఫ్టు పిల్లలు పక్కపక్కనే కూర్చుని వేర్వేరు కస్టమర్లతో మాట్లాడగలుగుతున్నారంటే నోటి దగ్గరకు వంగిన ఆ కాడ చలవే. చూడటానికి ఇయర్‌బడ్స్ ముచ్చటగా ఉంటాయి, నిజమే. పనికి మాత్రం నేను కాడ ఉన్నదే ఎంచుకుంటాను.

దూరం తర్వాతే తెలివితేటలు. రెండు సెంటీమీటర్ల ఎడంతో ఉన్న రెండు మైకులను మన గొంతు ఒకదాని తర్వాత ఒకటి తాకుతుంది. ఆ తేడా సెకనులో సుమారు 17,000వ వంతు. ఆ కాస్త తేడాతోనే ధ్వని నోటి వైపు నుంచి వస్తోందా, కిటికీ వైపు నుంచా అని హెడ్‌సెట్ పోల్చుకుంటుంది. ఆపైన వేలకొద్దీ గొంతులూ చప్పుళ్లూ వినిపించి తర్ఫీదిచ్చిన ప్రోగ్రాం ఒకటి ‘ఇది మాట, ఇది రొద’ అని విడదీస్తుంది. ఫ్యాను, మిక్సీ, బోరు మోటారు దానికి సులువు. గిన్నె కిందపడిన చప్పుడు కష్టం. పక్క గదిలో టీవీ సీరియల్ మరీ కష్టం, అదీ మాటే కనుక. మిక్సీ ఆపకపోయినా ఫరవాలేదు, టీవీ మాత్రం తగ్గించమని ఇంట్లో చెబుతాను.

ఇక యంత్రానికి చేతకానివి కొన్ని ఉన్నాయి. అవి వాడేవాళ్లే చూసుకోవాలి. బుట్టలు పెట్టుకున్నరోజు అవి హెడ్‌సెట్‌కు తగిలి చేసే టకటక మనకు వినపడదు, అవతలివాళ్లకు గంటలు కొట్టినట్టు ఉంటుంది. పమిట కాడకు రాసుకున్నా అంతే. తలనూనె మైకు రంధ్రాల్లోకి పాకి, దుమ్ము పట్టి గొంతు మందగిస్తుంది. మెత్తటి పొడి బ్రష్షుతో తుడుచుకోవాలి. కాడ పెదవుల మూల దగ్గర, రెండువేళ్ల ఎడంలో ఉండాలి. సరిగ్గా నోటి ముందుంటే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా ఊపిరి మైకును కొడుతుంది. సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. ఫోన్ ఎడమ జేబులో, హెడ్‌సెట్ కుడి చెవికి ఉంటే మధ్యలో మన ఒళ్లే బ్లూటూత్‌కు అడ్డం. పక్కనే మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతుంటే మాట తెగుతుంది. అదీ బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది మరి.

నేను ఒక చెవికే పెట్టుకుంటాను. రెండు చెవులూ మూసుకుంటే మన గొంతు మనకే సరిగ్గా వినపడక పెద్దగా మాట్లాడతాం. రొదలో గొంతు తనంతట తానే పెరుగుతుందని 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ వైద్యుడు రాశాడు. బస్టాండులో నిలబడి మనం అరుస్తాం, హెడ్‌సెట్ బస్టాండును తీసేసి అరుపును మాత్రం పంపుతుంది. ప్రశాంతంగా ఇంట్లో కూర్చున్న మనిషికి మనం ఎందుకు కోప్పడుతున్నామో అర్థం కాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ చిన్న సర్దుబాట్లు. అసలు చిక్కు ఊకొట్టే దగ్గర వచ్చింది.

తెలుగులో వినడం నోరు మూసుకుని చేసే పని కాదు. చెప్పేవాళ్లకు ఊపిరి పోసేది వినేవాళ్ల ‘ఊఁ’. చిన్నప్పుడు కథ చెప్పే అమ్మమ్మ మనం ఊకొట్టడం ఆపితే ‘నిద్రపోయావా?’ అని కథ ఆపేసేది. ఇవాళ్టికీ ఊళ్లో ఓ పెద్దాయన ఫోన్లో పాత సంగతి చెబుతుంటే ప్రతి రెండు మాటలకూ ఆయనకు ఆ ఊఁ అందాలి. నేనేమో ఊఁ కొడుతూనే ఉన్నా. ఆయన మాత్రం కాసేపటికోసారి ఆగి, ‘అమ్మా, ఉన్నావా? లైను కట్టయిందా?’ అంటున్నారు. ఒకరు కాదు, కొత్త హెడ్‌సెట్ పెట్టుకున్నాక పెద్దవాళ్లందరిదీ ఇదే మాట. రెండో ఫోన్ పక్క గదిలో పెట్టించి, నా ఊఁలు నేనే రికార్డు చేయించుకుని విన్నాను. మాటలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఊఁలు చాలావరకు లేవు. పెదవి కదలకుండా, తక్కువ గొంతుతో, ముక్కులోంచి వచ్చే ఆ చిన్న నాదాన్ని యంత్రం ఫ్యాను హోరుతో జమకట్టి తీసేసింది.

నాకది చాలా బాధనిపించింది. మనిషి తోడుగా ఉన్నాడని చెప్పే అతిచిన్న గుర్తు అది. యంత్రం లెక్కలో అది రొద. తూర్పారబట్టేటప్పుడు గాలి ఉధృతమైతే తాలుతోపాటు సన్నగింజ కూడా ఎగిరిపోతుంది. ఇక్కడ జరిగిందీ అదే. అప్పటినుంచి నేను ఊకొట్టే తీరు మార్చుకున్నాను. నోరు తెరిచి ‘ఆఁ’ అంటాను, ‘అవునా’, ‘తర్వాతండీ’, ‘అయ్యో’ అంటాను. అచ్చు స్పష్టంగా, గొంతు నిండుగా ఉంటే వెళ్తుంది. ఇలా మార్చాక ఆ పెద్దాయన సంభాషణలో ‘ఉన్నావా’ అనే ప్రశ్న పోయింది. కథ సాగింది.

అణచివేత మితిమీరితే మాట చివర్లూ తెగుతాయి. మనకు వాక్యంలో అసలు సంగతంతా చివరే ఉంటుంది. ‘ఇచ్చా...’ దగ్గర తెగితే ఇచ్చాడో, ఇచ్చారో, ఇచ్చానో తెలియదు. ‘డబ్బు అంద...’ అని ఆగితే అందిందా, అందలేదా? వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దించేయడం మనకు అలవాటు. అందుకే డబ్బు, తేదీ, మందుల విషయాలు మాట్లాడేటప్పుడు క్రియను దించకుండా పలుకుతాను. అవసరమైతే రెండోసారి చెబుతాను.

రొద పూర్తిగా పోవడం కూడా మంచిది కాదు. మాటకూ మాటకూ మధ్య బొత్తిగా ఏమీ వినపడకపోతే ఫోన్ చచ్చిపోయిందనుకుంటాం. ఈ సంగతి టెలిఫోన్ ఇంజనీర్లకు ఎప్పుడో తెలుసు. అందుకే మాట లేనప్పుడు వినేవాళ్ల వైపు సన్నటి కృత్రిమ హోరును కావాలనే కలిపే ఏర్పాటు మొబైల్ ఫోన్లలో ఉంది. అది లైను ఉందన్న భరోసా మాత్రమే ఇస్తుంది, ఇంటి సందడిని ఇవ్వదు. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు ఆదివారం ఫోన్ చేస్తే నేను హెడ్‌సెట్ తీసేసి ఫోన్‌ను స్పీకర్లో పెట్టి, రొద తగ్గించే సెట్టింగు కూడా ఆపేస్తాను. వాడికి పోపు చిటపటలు కావాలి, వీధిలో కూరగాయల బండి కేక కావాలి, వాళ్లమ్మ వెనక నుంచి అడ్డం వచ్చి అనే మాటలు కావాలి. ఆ పూట అవతలి చెవికి రొదే మాట.

బండి నడుపుతూ మాట్లాడటం ఒక్కటి మిగిలింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో చేత్తో పట్టుకునే ఫోన్ గురించే ఉంది. కనుక హెడ్‌సెట్ ఉంటే నిశ్చింత అనుకునేవాళ్లు చాలామంది. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది వేరు. ఫోన్ చేత్తో పట్టుకున్నా, పట్టుకోకపోయినా డ్రైవరు సిగ్నళ్లను గమనించడం ఒకేలా తగ్గింది. తప్పు చేతిది కాదు, మాటలో మునిగిన మనసుది. పక్క సీటులో కూర్చున్న మనిషి ఎదురుగా లారీ వస్తే తనే మాట ఆపుతాడు. ఫోన్లో ఉన్నవాళ్లకు ఆ లారీ కనపడదు. ఇప్పుడైతే దాని హారన్ వినపడదు కూడా, మంచి హెడ్‌సెట్ దాన్ని శుభ్రంగా తుడిచేస్తోంది. మునుపు రోడ్డు చప్పుడు విని ‘దిగాక మాట్లాడదాంలే’ అని పెట్టేసేదాన్ని. ఇప్పుడు ఎవరు ఎత్తినా ‘బాగున్నావా’ కన్నా ముందు ‘బండి మీదున్నావా?’ అని అడుగుతాను. అవునంటే మరో మాట లేకుండా పెట్టేస్తాను.