నది వెనక్కి పారితే గేట్లు ఎవరెత్తాలి?

1939 జూలైలో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగింది. దానికోసం లాస్ ఏంజెలిస్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు బస్సెక్కాడు. దారి ఖర్చులకు అప్పిచ్చింది తనలాగే ఈ కథల పిచ్చి పట్టిన స్నేహితుడు ఫారెస్ట్ ఆకర్‌మన్. కుర్రాడి పేరు రే బ్రాడ్‌బరీ, తర్వాతి రోజుల్లో పేరుమోసిన రచయిత. అప్పటికి అతని కథకు ఎవరూ పైసా ఇచ్చి ఎరగరు. వెళ్లేటప్పుడు హానెస్ బోక్ అనే మిత్రుడి బొమ్మలు కూడా పట్టుకెళ్లి ఎడిటర్లకు చూపించాడు. బొమ్మలు నచ్చాయి. ఆ ఏడాది చివరికల్లా బోక్ గీసిన ముఖచిత్రంతో ‘వియర్డ్ టేల్స్’ పత్రిక వచ్చింది. బ్రాడ్‌బరీకి మాత్రం డబ్బు తెచ్చిన తొలి కథ అచ్చులో చూసుకోవడానికి 1941 దాకా పట్టింది. అదీ ఇంకొకరితో కలిసి రాసింది.

కథలు రాయాలని తాపత్రయపడేవాళ్లు ఇలాంటి సభలకు వెళ్తే ఏమొస్తుందని అడిగేవారికి నేను ఈ సంగతి చెబుతుంటాను. నా వయసు అప్పటి బ్రాడ్‌బరీకి మూడింతలు. అయినా 2025 ఆగస్టులో అదే మహాసభ, అంటే వరల్డ్‌కాన్, సియాటిల్‌కు వచ్చినప్పుడు ఆగలేకపోయాను. నేనుండే రెడ్‌మండ్‌లో 545 బస్సెక్కితే చేరిపోయే దూరం. సాకు చెప్పడానికి కూడా వీల్లేదు.

తెలుగు సాహిత్య సభలకు అలవాటు పడ్డ ప్రాణానికి మొదట ఏదో వెలితిగా ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన లేదు, శాలువా లేదు, అధ్యక్షులవారి తొలిపలుకులు లేవు. ఒక బల్ల, దాని వెనక నలుగురైదుగురు రచయితలు, మాట మళ్లించడానికి ఒక మోడరేటర్. టైమవగానే గది ఖాళీ చేయాలి, బయట ఇంకో గుంపు కాచుకుని ఉంటుంది. ప్రశ్నల వేళకు ముందు మోడరేటర్ ఒక హెచ్చరిక చేస్తారు: ప్రశ్న ఉంటేనే లేవండి, ప్రసంగం ఉంటే కూర్చోండి. ఈ ఒక్క నియమాన్ని మన పుస్తక మహోత్సవాలకు దిగుమతి చేసుకుంటే సగం సభలు వేళకు ముగుస్తాయి. మెళ్లో బ్యాడ్జీ, దాని కింద రంగురంగుల రిబ్బన్లు ఒకదాని చివర ఒకటి అంటించుకుంటూ పోతారు. ఒకాయనవి మోకాళ్లు దాటాయి. పాతకాపులు కొత్తవాళ్లకు చెప్పే సూత్రం ఒకటుంది: రోజుకు అయిదు గంటల నిద్ర, రెండు పూటల తిండి, ఒక స్నానం తప్పనిసరి. ఇందులో మూడోదాన్ని మరీ మరీ ఎందుకు చెబుతారో మూడో రోజు లిఫ్టెక్కితే తెలుస్తుంది.

నన్ను కట్టిపడేసింది వాళ్ల లెక్క. డబ్బు సంగతి ఏ మొహమాటం లేకుండా మాట్లాడతారు. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం దృష్టిలో పత్రిక పద్ధతిగా ఇచ్చే రేటు అంటే మాటకు కనీసం 8 సెంట్లు. 5,000 మాటల కథకు 400 డాలర్లు. దాంతో ఇల్లు గడవదని వాళ్లే నవ్వుతూ చెబుతారు. కథ ఎన్నిచోట్ల నుంచి తిరిగొచ్చిందో కూడా చెబుతారు. మన సభల్లో ప్రేరణ గురించి గంట మాట్లాడొచ్చు గానీ పారితోషికం ఊసెత్తితే సరస్వతీదేవికి అపచారం చేసినట్టు చూస్తారు.

బహుమతుల్లోనూ ఇదే తీరు. ఈ మహాసభలో ఇచ్చే హ్యూగో అవార్డులకు ఓటేసేది డబ్బు కట్టి చేరిన సభ్యులు. బ్యాలెట్లో ‘ఎవరికీ వద్దు’ అన్న గడి కూడా ఉంటుంది. 2015లో ఇదే రాష్ట్రంలోని స్పోకేన్‌లో సభ జరిగినప్పుడు, జాబితాను ఒక వర్గం గుంపుగా నింపేసిందన్న కోపంతో అయిదు విభాగాల్లో ఆ గడినే గెలిపించారు. మన అవార్డుల్లో ఆ గడి పెడితే ఏమవుతుందో ఊహించడం కూడా ఒక సైన్స్ ఫిక్షన్ కథే.

ఊహకూ లెక్క అడుగుతారు. కల్పిత రాజ్యాల మీద చర్చ జరుగుతుంటే వెనక వరసలోంచి ఒకావిడ లేచి, ఇంత సైన్యానికి ధాన్యం ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగింది. ఎవరూ నవ్వలేదు. పావుగంట దాని మీదే నడిచింది. ఇది పరాయి చాదస్తం అనుకోనక్కర్లేదు. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె చూడండి. తెరిచినవాళ్లకు ఏది ప్రియమో అదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే మాత్రం శకుని! ఎంత నవ్వొచ్చినా పెట్టె తన నియమం తప్పలేదు. ఆ తర్వాత వచ్చిన మన జానపద చిత్రాల్లో చాలావాటికి ఆ కట్టుబాటు లేదు. అవసరం పడ్డప్పుడల్లా కొత్త మంత్రం పుడుతుంది.

ఒక రచయిత్రితో కొద్దిమంది మాత్రమే కూర్చుని మాట్లాడే బల్ల దగ్గర పేరు రాయించుకుందామని లైన్లో నిలబడ్డాను. బ్యాడ్జీలు చూస్తున్న వాలంటీరమ్మాయి నా పేరు చదివి “మీరు తెలుగాండీ?” అంది. అక్కడ గుమ్మం కాసేవాళ్ల దగ్గర్నుంచి సభ నడిపేవాళ్ల దాకా అందరూ జీతం లేని అభిమానులే. ఈ అమ్మాయి దగ్గర్లోని బోతెల్‌లో పెరిగిన పిల్ల. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుని. రచయిత్రి బల్ల దగ్గర నాకు చోటు దొరకలేదు గానీ ఈ అమ్మాయితో మాటలు కలిశాయి. అనువాద కథల కోసం ‘సమోవార్’ అనే పత్రిక ఉందనీ, అందులో మూలాన్నీ అనువాదాన్నీ రెంటినీ వేస్తారనీ తనే చెప్పింది.

ఇప్పుడు ఆదివారాలు నేను ఫోన్లో నా తెలుగు కథ ఆ అమ్మాయికి చదివి వినిపిస్తున్నాను, తను ఇంగ్లీషులో రాసుకుంటోంది. కథలో ఒక తెల్లవారుజామున కృష్ణ హంసలదీవి నుంచి ఎగువకు పారడం మొదలుపెడుతుంది. మొదటి పేజీ దాటకముందే ఆపింది.

“అంకుల్, నీళ్లు కిందనుంచి వస్తుంటే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తాలా, దించాలా? ఎవరు చెప్పాలి వాళ్లకి?”

ఆ బ్యారేజీకి 70 గేట్లు. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన మా పెద్ద బావకు ఫోన్ చేశాను. “నీకేమైనా పిచ్చా” అని మొదలుపెట్టి, ముప్పావుగంట చెప్పాడు. కథలో గేట్లెత్తే లస్కరు పాత్ర ఒకటి పెరిగింది.