మెట్ల కంబము: పేరొకటి, యర్థములు పెక్కు

ఆంగ్లమునుండి తెనుగునకు వచ్చిన కథలను చదువునపుడు మాకు తఱచుగా నొక చిక్కు కలుగుచున్నది. కథానాయిక మేడ దిగుచు ‘స్తంభము’ను పట్టుకొని నిలిచెనని యుండును. చదువరి దేవాలయ మండపమును తలంచుకొనును. మూలమున నున్నది న్యూవెల్ అను మాట. మెట్లవరుస మొదట నిలిపి, చేతిపట్టు కొయ్యకు ఆధారముగా నుంచు పొట్టికంబమని దాని యర్థము. ఒక సంస్కృతపదము దొరకినంతనే యనువాదకుడు తృప్తి నొందెను. వస్తువు మాత్రము చదువరికి కానరాలేదు.

ఈ మాట చరిత్రమును చూచినచో నా తృప్తి యెంత తొందరపాటో తెలియును. ప్రాచీన ఫ్రెంచిలో గింజ, టెంక యను నర్థములు గల పదమునుండి యిది యాంగ్లమునకు వచ్చినది. చుట్టుమెట్ల నడుమ నిలువుగా నుండు కంబము పండులోని టెంకవంటిది గాన నా పేరు దానికి కుదిరినది. మధ్యయుగపు ఐరోపా కోటలలో పెక్కుచోట్ల నీ కంబమును విడిగా నిలుపలేదు. ప్రతి మెట్టురాతి సన్నని కొనను గుండ్రముగా చెక్కి, యొకదానిపై నొకటి పేర్చగా మెట్లే కంబమైనవి. పిదప నేరుగా సాగు కొయ్యమెట్లు వచ్చినవి. నడుమ నుండినది కొనకు వచ్చెను, రాయి కొయ్య యయ్యెను, పేరు మాఱలేదు. నడుమ కంబమే లేక, బావివలె ఖాళీ విడిచిన చుట్టుమెట్లను సయితము ‘బోలు న్యూవెల్’ మెట్లనియే పిలుతురు! ఫ్రెంచివారి ‘న్వాయో’ యను మాట నేటికిని పండుటెంకకును, మెట్ల నడిమి కంబమునకును, పరమాణుకేంద్రమునకును చెల్లుచున్నది.

ఇదే యుచ్చారణ గల యింటిపేరు నొకటి కలదు. కృత్రిమ మేధాశాస్త్రమునకు పునాది వేసినవారిలో నొకడైన అలెన్ న్యూవెల్ (1927–1992) అట్టివాడు. అర్జెంటీనాలోని రొసారియో నగరమున 1903లో వెలసిన కాలిబంతి సంఘమునకు ‘న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్’ అని పేరు. అది ఐజాక్ న్యూవెల్ అను ఉపాధ్యాయుని పేరు. ధ్వని యొకటియేగదా యని వీరికిని మెట్లకంబమునకును చుట్టఱికము కలుపువాడు పొరబడును. వస్తువు పనిని వెంబడించి యర్థము విస్తరించుట వేఱు. రెండు మాటలకు ధ్వనిసామ్యము తటస్థించుట వేఱు. ఈ రెంటిని విడదీయని నిఘంటువు పదముల మూట యగునే కాని, మార్గదర్శి కాజాలదు.

మన ఖమ్మమునే చూడుడు. పూర్వము దానిని ఖమ్మముమెట్టు అనుచుండిరి. కంబము, మెట్టు అను మాటల కలయికచే నా పేరు వచ్చెనని ప్రతీతి. అచ్చట మెట్టనగా కొండ. పరదేశీయు డెవడైన దానిని ‘స్తంభపు సోపాన’మని తన భాషలోనికి మార్చినచో మనము నవ్వకుందుమా? వారి మాటకు మనము చేయుచున్న దంతకంటె మేలైనది కాదు.

సంస్కృతపదము లేనిచో రచనకు గాంభీర్యము లోపించునని కొందఱు వాదింతురు. వస్తువు కంటికి కట్టని గాంభీర్య మెవరికి? ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములతో ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశము సరియైన త్రోవ చూపినది. పని చేయువాని నోటనుండి మాటను గ్రహించుటయే యా త్రోవ. అనువాదకుడు కలము పట్టుటకు ముం దొక వడ్రంగి చెంతకు పోయి, ఆ వస్తువును చూపి, పేరడిగిన నతని గౌరవమునకు లోపము రాదు. అదియు చేయనొల్లనిచో ‘మెట్ల మొదటి కంబము’ అని వ్రాయుగాక. అప్పుడైనను మన చదువరి మండపమున తప్పిపోక, మేడమెట్లకడకు చేరును.