ఒక దర్శకుడు, రెండు వేదికలు

బెల్జియము దేశమున ఫ్రెంచి మాట్లాడు ప్రాంతపు చలనచిత్రములను గౌరవించు మాగ్రిట్ పురస్కారముల ఉత్సవము 2011 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్ నగరమున మొదటిసారి జరిగినది. అంతకు పూర్వము దేశమంతటికిని జోసెఫ్ ప్లాటో పేరిట ఒకే బహుమానముండెడిది. అది నిలిచిపోయిన పిమ్మట డచ్చి మాట్లాడు ఫ్లెమిష్ వారు 2010లో ఓస్టెండ్ నగరమున ఎన్సోర్ పురస్కారములను నెలకొల్పుకొనిరి. మరుసటి యేట ఫ్రెంచి భాషీయులు తమ వేదికను నిర్మించుకొనిరి. ఇల్లొకటే గాని కుంపట్లు వేరైనవి.

మాగ్రిట్ పురస్కారములనిచ్చు సంస్థ ఆంద్రే దెల్వో పేరు ధరించినది. ఈ దెల్వో (1926-2002) ఎవరు? 1965లో ఆయన తీసిన 'జుట్టు పొట్టిగా కత్తిరించుకొన్న మనిషి' డచ్చి చిత్రము. 1968 నాటి 'ఒక సాయంకాలము, ఒక రైలు' ఫ్రెంచి చిత్రము. రెండింటికిని ఫ్లెమిష్ రచయిత యోహాన్ డేస్నె రచనలే మూలము. రెండవ చిత్రమున నాయకుడొక భాషాశాస్త్రాచార్యుడు, ఫ్లెమిష్ వాడు. అతని సహచరి ఫ్రెంచి వనిత. విశ్వవిద్యాలయమున భాషాకలహము చెలరేగుచుండగా అతడు రైలెక్కును; తుదకు తనకొక్క మాటయు బోధపడని భాష మాట్లాడు ఊరు చేరును. భాషలనెరిగినవాడు భాషలేనివాడగుట ఆ కథయందలి విషాదము.

అట్టి దెల్వో నేడుండినచో ఆయన డచ్చి చిత్రము ఓస్టెండునకును, ఫ్రెంచి చిత్రము బ్రస్సెల్సునకును పోవలసివచ్చెడిది. ఆయన పేరు పెట్టుకొన్న అకాడమీయే ఆయన కృషిలో ఒక సగమునకు స్వగృహమై, రెండవ సగమునకు పొరుగిల్లగును. ఫ్రెంచి భాగస్వామ్యముతో నిర్మితమైన ఫ్లెమిష్ చిత్రమునకు మాగ్రిట్ వారు వేరుగా ఒక బహుమానమిచ్చిన మాట నిజము. అది ఆదరమే, కాదనను. కాని అతిథికి వేసిన పీట ఇంటివాని పీట కాదు.

ఆ సరిహద్దు దృఢమైనదా యన్న, అదియు కాదు. తొలి యేట ఉత్తమ చిత్రముగా ఎన్నికైన జాకో వాన్ దోర్మేల్ 'మిస్టర్ నోబడీ' ఆంగ్లభాషా చిత్రము! ఫ్రెంచి ప్రాంతపు ఉత్సవము ఆంగ్ల చిత్రమునకు పట్టము కట్టుటను నేను తప్పుపట్టను. సినిమా యందు మాట ఒక అంగము మాత్రమే. చిత్రమును కన్న నేల, పెంచిన చేతులు కూడ దానికి జన్మహక్కునిచ్చును. కాని ఆంగ్లమునకు తెరచిన ముంగిలి పొరుగు డచ్చికి పక్కవాకిలి మాత్రమే అగుట విచారింపదగినది. దూరపు భాష చుట్టమైనది, ఇరుగు భాష పరాయిదైనది.

సాహిత్యము మాట వేరు. అందు భాషయే శరీరము. కనుక మన సాహిత్య అకాడమీ 24 భాషలకు వేర్వేరుగా పురస్కారములిచ్చుట సమంజసము. అయినను ఆ వేరుపాటు చాలదని తెలిసియే గదా 1989 నుండి అనువాదములకును పురస్కారములిచ్చుచున్నారు! ప్రతి భాషకును తన గది యుండవలెను. గదికిని గదికిని నడుమ వాకిలియు నుండవలెను. తమిళమునో కన్నడమునో ఆంగ్లము ద్వారా మాత్రమే చదువు తెలుగు రచయితలము, ఈ బెల్జియము కథ విని నవ్వుటకు ముందు మన వాకిళ్ళను చూచుకొనుట మేలు.